ఛాతీలో అతుకు

రాయదుర్గం దాటాక, అద్దాల మేడల మధ్య మిగిలిన ఖాళీ స్థలంలో ఉక్కు మనిషి వెల్లకిలా పడుకుని ఉన్నాడు. లేపి నిలబెడితే నాలుగంతస్తుల ఎత్తు. నగరంలోని పాత ఫ్యాక్టరీల గుర్తుగా ఆ చుట్టుపక్కల కంపెనీలన్నీ కలిసి చేయిస్తున్న విగ్రహం అది. చేస్తున్న శిల్పి వాసంతి. కాళ్ళకు క్రేన్ దూలాలు, వేళ్ళకు గొలుసులు వాడింది. ఛాతీకి జీడిమెట్లలో మూతపడ్డ ఒక మందుల ఫ్యాక్టరీ నుంచి పెద్ద స్టీలు ట్యాంకు తెప్పించింది. ట్యాంకు పక్కభాగంలో ఎప్పుడో కోసి మళ్ళీ అతికిన చదరపు అతుకు ఉంది. ఆ అతుకు వాసంతికి ఎంతో నచ్చింది. సరిగ్గా గుండె ఉండే చోటికి వచ్చేలా ట్యాంకును తిప్పి పెట్టించింది.

ట్యాంకు మూత మీద మెడ అతికించేసిన మర్నాడు మధ్యాహ్నం, వెల్డర్ రాజయ్య పని ఆపి లేచి నిలబడ్డాడు.

"మేడం, లోపల ఎవరన్న ఉన్నరా?"

"లోపలికి దారెక్కడుంది రాజయ్యా?"

"మరి గా కొట్టుడేంది?"

వాసంతి ఉక్కుకు చెవి ఆనించింది. టక్, టక్. కాస్త ఆగి మళ్ళీ టక్. ఎండకు ఉక్కు సాగితే చప్పుడు చేస్తుందని ఇద్దరికీ తెలుసు. కానీ ఈ చప్పుడు వాసంతి చెయ్యి ఎక్కడ పెడితే అక్కడికి వచ్చింది. విగ్రహం కాళ్ళు ముట్టుకుంటే కాలిపోతున్నాయి. ఛాతీ మాత్రం చల్లగా ఉంది.

మబ్బు పట్టిన రోజున కూడా చప్పుడు ఆగలేదు. రాజయ్య ఛాతీ వదిలేసి కాళ్ళ దగ్గర పని చూసుకున్నాడు. నార్సింగిలో తన ఫ్లాటులో స్నానం చేస్తూ వాసంతి ఉన్నట్టుండి కుళాయి కట్టేసి, ఊపిరి బిగబట్టి వినేది.

ఆ వారంలోనే ఒకామె గేటు దగ్గరికి వచ్చి నిలబడింది. పేరు సక్కుబాయి. ఎదురుగా ఉన్న ఆఫీసులో ఊడ్చి తుడిచే పని. అదే యూనిఫాంలో ఉంది.

"అమ్మా, గా ట్యాంకుల్నే మా ఆయన సచ్చిపోయిండు," అంది. "పైనుంచి అద్దంల జూసిన. గా అతుకు జూసి గుర్తువట్టిన."

వాసంతి ఆమెను లోపలికి తీసుకొచ్చి కూర్చోబెట్టింది.

"పేరు చంద్రయ్య. కడగనీకి లోపలికి దిగిండు. సూస్కోకుంట మూత వెట్టిన్రు. మిషన్ల సప్పుడుల ఎవ్వలకూ ఇనవడలే. ఎన్కసీరి ఎప్పుడో జూసి, మూతల నుంచి తియ్యరాక పక్కపొంటి కోసి బయటికి తీసిన్రు. తాగి పడ్డడని చెప్పిన్రు. ఆయన చేతులు నేను జూసిన గదా. ఏళ్ళ గనుపులు మొత్తం పగిలిపోయినయ్. ఎంతసేపు కొట్టిండో."

రాజయ్య తల దించుకున్నాడు. వాసంతి తాము విన్నది చెప్పలేదు. సక్కుబాయే లేచి ఛాతీ మీద అరచెయ్యి పెట్టింది. లోపలి నుంచి టక్‌మంది. ఆమె బెదరలేదు.

"మళ్ళ మూసిన్రా?" అంది.

ఆ సాయంత్రమే వాసంతి, కంపెనీల తరఫున ఈ పని చూస్తున్న ఉదయ్ భాస్కర్‌కు ఫోన్ చేసింది.

"ఛాతీ మార్చడానికి టైమెక్కడిదండీ? ఆవిష్కరణకు పెద్దవాళ్ళందరినీ పిలిచేశాం," అన్నాడాయన. "పాత ఇనుము అన్నాక ఎవరో ఒకరి కథ ఉంటుంది కదండీ. దాని గురించే కదా మనం విగ్రహం పెడుతోంది?"

మర్నాడు పొద్దున్నే వాసంతి తనే కటింగ్ టార్చ్ అందుకుంది. సగం కోశాక రాజయ్య వచ్చి అతుకు రేకును పట్టుకున్నాడు. రేకు ఊడి రాగానే మందుల ఘాటుతో చల్లటి గాలి ఇద్దరి ముఖాలకూ కొట్టింది. లోపల మూత చుట్టూ, చెయ్యి అందేంత మేర, చిన్న చిన్న సొట్టలు. దగ్గర దగ్గరగా, లెక్కలేనన్ని.

ఉదయ్ భాస్కర్ వచ్చేసరికి ఛాతీ తెరిచి ఉంది. కోపంగా నిచ్చెనెక్కి లోపలికి తొంగి చూశాడు. చాలాసేపు చూశాడు.

"అంచులు నున్నగా చేయించండి. వాన నీళ్ళు నిలవకుండా చూడండి," అని మాత్రం చెప్పి వెళ్ళిపోయాడు.

మధ్యాహ్నం సక్కుబాయి సూపర్‌వైజర్‌ను అడిగి ఒక పూట సెలవు తీసుకుని వచ్చింది. పడుకున్న మనిషి ఛాతీ పైకి నిచ్చెనెక్కి, తెరిచిన చోట తల పెట్టి పిలిచింది.

"ఏమయ్యా, తీసిన్రు. రా ఇగ, ఇంటికి పోదాం."

ఏ చప్పుడూ లేదు. ఆమె దిగి నడక మొదలుపెట్టింది. పది అడుగులు వేసి, వెనక్కి తిరిగి ఆగింది. మెల్లగా నడిచే మనిషి కోసం ఆగినట్టు ఆగి, మళ్ళీ నడిచింది. పక్కన వచ్చే మనిషికి ఎండ తగలకుండా చూడాలన్నట్టు, గోడ నీడను ఆ పక్కకు వదిలి తను ఎండలో నడుస్తోంది. వాసంతి ఉండబట్టలేక బస్టాపు దాకా వెంట వెళ్ళింది. రోడ్డు దాటేటప్పుడు సక్కుబాయి చెయ్యి పక్కకు చాచి, దేన్నో పట్టుకున్నట్టు వేళ్ళు ముడిచింది.

జీడిమెట్ల వైపు పోయే బస్సొచ్చింది. ఆమె ఎక్కి కిటికీ పక్కన కూర్చుంది. కండక్టర్ వచ్చి, ఆడవాళ్ళకిచ్చే ఉచిత టికెట్ చింపి ఇచ్చాడు. ఆమె కొంగు ముడి విప్పి పైసలు తీసింది.

"మొగాయనకు ఒకటి ఇయ్యి బిడ్డా."

కండక్టర్ ఆమె పక్కన ఖాళీ సీటును చూశాడు. టికెట్ కొట్టి ఇచ్చాడు. బస్సు నిండా జనం నిలబడి ఉన్నారు. ఆ సీట్లో మాత్రం ఎవరూ కూర్చోలేదు.