వెలుగు కారే రాయి

ముందు మీరు చెప్పండి. నగల దుకాణం ముందు ఆగి, అద్దానికి ముక్కు ఆనించి, లోపల నల్ల గుడ్డ మీద పక్కపక్కన పెట్టిన రెండు వజ్రాల్ని చూశారు కదా, ఏం చూశారు? నసగకండి. పెద్దదాన్ని చూశారు. చిన్నది ఒళ్ళంతా కళ్ళు చేసుకుని మీ వంకే చూస్తున్నా సరే, మీ చూపు వెళ్ళి పెద్దదాని మీదే వాలింది. నలుగురికీ చెప్పుకోవడానికి సైజు పనికొస్తుంది, సాన పనికిరాదు. ఈ సంగతి తలుచుకుంటేనే సానక్కకు ఒళ్ళు మండేది.

సానక్క వజ్రాల కార్ఖానాలో సాన చక్రం ముందు కూర్చునే మనిషి. హాజరు పిలిచేటప్పుడు తప్ప అసలు పేరు ఎవరికీ పట్టలేదు. తనకన్నా పెద్దవాళ్ళు కూడా సానక్కా అనే పిలిచేవాళ్ళు.

ఆవిడ పొద్దు సూదులతో మొదలయ్యేది. భర్త దర్జీ. వీధివైపు గదే అతని కొట్టు: కిటికీ పక్కన మిషను, కత్తిరించే బల్ల, ఇస్త్రీ పెట్టె, మెడలో కొలతల టేపు. చేతిలో పనితనం అలాగే ఉంది, కళ్ళే పోయాయి. దారం కొసను నోట్లో తడిపి, కొనదేల్చి, సూది బెజ్జం ఎక్కడుందో తెలియక గాల్లో పొడిచేవాడు. కళ్ళజోడు మార్చారు, మళ్ళీ మార్చారు, ఇక మార్చడానికి అద్దాల్లేవని డాక్టరు చేతులెత్తేశాడు. లైటు వేసుకుంటే తన చేతి నీడ తనకే అడ్డం. అందుకని సానక్క పనికి బయల్దేరేముందు సూదులన్నిటికీ దారాలెక్కించి, తెల్లవి ఒక వరస, నల్లవి ఒక వరస, రంగులవి ఇంకో వరస చిన్న దిండుకు గుచ్చి వెళ్ళేది. ఆ సూదులు అయిపోయాయంటే దర్జీ చేతులు ఒళ్ళో పెట్టుకుని వీధి చూస్తూ కూర్చోవడమే. వచ్చినవాళ్ళను సాయంత్రం రమ్మనేవాడు. సాయంత్రం రమ్మంటే ఎవరొస్తారు, పక్కవీధి కొట్టుకు పోయేవాళ్ళు.

ఆ మధ్య ఒక పొద్దున సానక్క కూడా గాల్లో పొడిచింది. తుడుచుకుని మళ్ళీ పొడిచింది. మొగుడు చూశాడు. చూడనట్టు మొహం తిప్పుకున్నాడు. అన్నేళ్ళు చక్రం ముందు చూపు అరగదీసింది ఆవిడ, ఇక కార్ఖానాలోనూ రాతి మీది గీతలు అలుక్కుపోతున్నాయి. పని మానేస్తానని యజమానికి చెప్పేసింది. చెప్పి ఇంటికొచ్చి, అన్నం కూడా తినకుండా గోడకు చేరగిలబడి కూర్చుంది. ఆమె జీతం పోయినా ఎలాగో గడుస్తుంది. కొట్టు మూతపడితే మాత్రం ఆ మనిషి ఏమైపోతాడో ఆవిడకు తెలుసు. కుట్టడం తప్ప బతకడం ఎలాగో తెలియనివాడు.

కార్ఖానా సంగతి కాస్త చెప్పాలి. ముడిరాయి చేతికొచ్చాక కోసేవాళ్ళ ముందు రెండు దారులుంటాయి. లెక్క ప్రకారం కోస్తే రాయిలో సగం పొడై రాలిపోతుంది, మిగిలింది చిన్నది. కానీ పైన పడ్డ వెలుగంతా లోపల తిరిగి తిరిగి మళ్ళీ పైకే, చూసేవాడి కంట్లోకే వస్తుంది. బరువు పోగొట్టుకోవడం ఇష్టంలేక అడుగున పొట్ట వదిలేస్తే రాయి పెద్దదిగానే ఉంటుంది, వెలుగే నిలవదు. అడుగునుంచి కారిపోతుంది. చుక్కచుక్కగా బల్లమీద మడుగు కట్టి, అంచు దాటి నేలమీదికి జారేది. మధ్యాహ్నానికల్లా కిటికీ వైపు బల్లల కింద కాలు జారేంత వెలుగు. తుడిచే ఆవిడ గుడ్డతో అద్ది, బకెట్లో పిండి, మోరీలో పోసేది. ఎంత తుడిచినా మళ్ళీ కారుతూనే ఉంటుందని ఆవిడ గోల ఆవిడది. కొందరు సీసాల్లో పట్టి ఇంటికి తీసుకెళ్దామని చూశారు. రాయిని వదిలాక అది నిలవదు, వీధి మలుపు తిరిగేలోపే ఆరిపోయేది.

నేల తుడిచే పని ఆవిడది, బల్ల తుడిచే పని మాత్రం కోసినవాళ్ళది. ఎవరి రాయి కారితే ఆ తడిని వాళ్ళే, అందరూ చూస్తుండగా, ఒట్టి చేత్తో తుడవాలి. అదే అక్కడి శిక్ష. సానక్క చెయ్యి ఎన్నడూ తడవలేదు.

తరచూ తడిసే చెయ్యి ఆమె మరిదిది, దర్జీ తమ్ముడిది. అతనిదీ అదే కార్ఖానా. ఒకసారి రేగుపండంత ముడిరాయి వస్తే, బరువు పోనివ్వొద్దని యజమాని గట్టిగా చెప్పాడు. మరిది అలాగే కోశాడు. కార్ఖానాలో అంత పెద్ద వజ్రం ఇంకోటి లేదు, అంత కారేదీ లేదు. కొనడానికి వచ్చినవాళ్ళు ఆశగా తీసి అరచేతిలో పెట్టుకోవడం, చెయ్యి తడవగానే దులుపుకుని తిరిగి పళ్ళెంలో పడేయడం. అప్పుడు సానక్క అందరి ముందూ అనేసింది.

"ఏమయ్యా మరిదీ, నీ రాయికి జలుబు చేసినట్టుందే. కాస్త ముక్కు తుడువు."

కార్ఖానా అంతా పడీపడీ నవ్వింది. యజమాని చెప్పింది చేశానని మరిది గొణిగాడు. చెప్పిన నోరు ఆయనదైతే కోసిన చెయ్యి ఎవరిదని ఆవిడ వదల్లేదు. ఆ తర్వాత మరిది అన్నను చూడటానికి వచ్చినా, వదిన ఇంట్లో లేని వేళ చూసుకునే వచ్చేవాడు.

జీవితమంతా పనిచేసి మానేసేవాళ్ళు అమ్ముడుపోని రాళ్ళ పళ్ళెంలోంచి ఒకటి ఏరుకోవచ్చు. అది అక్కడి ఆనవాయితీ. సానక్క ఎప్పుడో ఏరుకుంది మనసులో. కందిగింజంత రాయి, ఆమె చేతుల్లోంచి వచ్చినవాటన్నిట్లో మేలైనది. చిన్నదని ఎవరూ కొనలేదు. కిటికీలో రోజంతా పెట్టినా అడుగున కాగితం పొడిగానే ఉంటుంది. దాన్ని ఉంగరంలో పొదిగించుకుని, ఆ చెయ్యి తిప్పుతూ నలుగురిలో మాట్లాడాలన్నది ఆవిడకు మిగిలిన ఒకే ఒక్క కోరిక.

ఆఖరి రోజు పొద్దున పనికి బయల్దేరుతుంటే మొగుడు అన్నాడు, పెద్దదే తెచ్చుకోవే, దూరం నుంచైనా కనబడుతుందని. మీకు గుమ్మడికాయ తెచ్చిపెట్టినా కనబడదులెండి అని ఆవిడ చెప్పులేసుకుంది. ఇద్దరిలో ఎవరికీ నవ్వే ఓపిక లేదు.

కార్ఖానాలో అందరూ కిటికీ దగ్గర చేరారు. పళ్ళెం వచ్చింది. సానక్క చెయ్యి చిన్నరాయి మీదికి వెళుతూ ఆగింది. పోయేముందు ఒక్కసారి మరిదిని ఆటపట్టిద్దామని పెద్దదాన్ని తీసి అరచేతిలో పెట్టుకుంది.

అది ఊరుకుంటుందా. ఎండ తగలగానే కారడం మొదలుపెట్టింది. దోసిలి నిండింది, వేళ్ళ సందుల్లోంచి మణికట్టు మీదికి దిగింది. గోరువెచ్చగా ఉంది. ఆవిడ దులపబోయి ఆగిపోయింది. తన చెయ్యి తనకు కనబడుతోంది. గీతలు, చక్రం కొరికిన పాత మచ్చలు, గోటి సందున ఇరుక్కున్న తెల్లదారం పోగు. ఎన్నాళ్ళయిందో వాటిని చూసి. ఆ వెలుగుకు నీడ లేదు. నీళ్ళలాగా వస్తువు చుట్టూ పట్టుకుంటోంది.

కాలరుకు గుచ్చుకున్న ఖాళీ సూది తీసింది. పొద్దున ఎక్కించలేక అలా గుచ్చేసుకుని వచ్చిన సూది. తడిలో పట్టుకుంది. బెజ్జం తలుపులా తెరుచుకుని ఉంది. దారం పోగు మొదటిసారికే దూరింది.

ఇన్నేళ్ళూ పక్కబల్ల మీద కారిపోతూ, మోరీలో పడిపోతూ ఉన్నదే అది. తన రాయి ఎన్నడూ కారలేదు కాబట్టి తన చేతికి తెలియలేదు. తుడుచుకున్నవాళ్ళు సిగ్గుతో తుడుచుకున్నారు, సిగ్గుపడేవాడు చేతికేసి ఎందుకు చూసుకుంటాడు?

ఆవిడ చెయ్యి ముందు అటే వెళ్ళింది కదాని, చిన్నరాయిని యజమాని అప్పటికే కాగితంలో మడిచి అందిస్తున్నాడు. ఆవిడ దానికేసి చాలాసేపు చూసింది. చెయ్యి మాత్రం చాచలేదు.

"అది ఉండనివ్వండి. ఇది ఇవ్వండి చాలు."

మరిది మొహం కందిపోయింది. "ఎందుకు వదినా? ఇంట్లో పెట్టుకుని రోజూ తిట్టడానికా?"

"తిట్టే ఓపిక లేదయ్యా. మీ అన్నకు సూదులు కావాలి."

మర్నాడు దర్జీ మిషను మీద, కిటికీ చట్రానికి, దారం కట్టి రాయిని వేలాడదీసింది. ఎండ ఎక్కేసరికి కారసాగింది. మిషను మీద, గుడ్డ మీద, అతని వేళ్ళ మీద. దర్జీ సూది తీసి దారం కొస నోట్లో తడిపాడు. దూరింది. ఇంకో సూది తీశాడు. అదీ దూరింది. దిండు నిండేదాకా ఎక్కిస్తూనే ఉన్నాడు. ఆవిడ వంటింట్లోకి వెళ్ళి, కుళాయి తిప్పి, నీళ్ళు పోతున్నా అలాగే నిలబడింది.

పక్కవీధికి పోయినవాళ్ళు మెల్లగా తిరిగొచ్చారు. సాయంత్రం రమ్మనే మాట కొట్టులో వినబడటం మానేసింది. చిన్నరాయి ఎవరి చేతికి పోయిందో సానక్క అడగలేదు. ఆమె వేలు ఖాళీగానే ఉంది. మరిది ఇప్పుడు వదిన ఉన్నప్పుడే వస్తున్నాడు, ప్యాంటు అంచు ఊడిందని, గుండీ పోయిందని ఏదో ఒక వంకతో.

నిన్న అతను స్టూలు మీద కూర్చుని ఉండగా ఒక పెద్దావిడ కోటు కొలతకు వచ్చింది. డబ్బున్న మనిషి, రాళ్ళ సంగతి తెలిసిన మనిషి. కిటికీకేసి చూసి నొసలు చిట్లించింది.

"అయ్యయ్యో, ఇంత మంచి రాయిని ఇలా పాడుచేశారేమిటమ్మా? మీ చెయ్యి గొప్పదని ఊరంతా అంటారు. ఇది మీ పనేనా?"

మిషను ఆగింది. మరిది తల దించుకుని చొక్కా గుండీ తిప్పుకుంటున్నాడు. కాదంటే, అన్న ముందు అతను మళ్ళీ బల్ల తుడిచినట్టే. అవునంటే, ఒక్క చుక్క కారనివ్వని ఆ చేతి పేరు ఇవాళ్టితో సరి. వెలుగు టప్‌టప్‌మని కోటు గుడ్డ మీద పడుతోంది. సానక్క నోరు తెరిచింది.

ఏం చెప్పమంటారు ఆవిణ్ణి?