బక్కోడు పిలిస్తే లేచాడు

పెయింటర్‌ను రక్తపరీక్షకు ఒప్పించడానికి భార్య మూడేళ్లు కాళ్లావేళ్లా పడింది. ఒకప్పుడు ఒకే సూదితో నలుగురైదుగురు మత్తు ఎక్కించుకున్న గుంపు అతనిది. అలాంటి సూదులతో హెపటైటిస్ సి అంటుకుంటుందనీ, చడీచప్పుడు లేకుండా లివర్‌ను తినేస్తుందనీ ఆమె దగ్గర బట్టలు కుట్టించుకునే నర్సు చెప్పింది. అప్పట్నుంచీ భార్య బతిమాలింది, అలిగింది, అన్నం మానేసింది. మహానుభావుడు కదల్లేదు.

ఒకరోజు పరీక్షల వ్యాను వీధి చివర ఆగింది. అందులోంచి బక్కోడు దిగాడు. వాడూ ఆ గుంపులోవాడే; ఇప్పుడన్నీ మానేసి, పాతవాళ్లను పరీక్షకు పిలుచుకొచ్చే పనిలో చేరాడు. "రారా, వేలు చాపు" అన్నాడు. అంతే! చేతి రంగైనా కడుక్కోకుండా పోయి చాపాడు.

ఆమెకు ఒళ్లు మండింది. సంతోషించాలని తెలుసు, కానీ కుళ్లే వచ్చింది. ఫలితం కోసం ఆగిన ఇరవై నిమిషాలూ వాళ్లిద్దరూ మెట్ల మీద నవ్వుకుంటుంటే, బక్కోడు ఆడదై పుట్టుంటే జుట్టు పట్టుకుని ఈడ్చేదాన్ని అనుకుంది.

పరీక్ష పట్టీ మీద రెండు గీతలు పడ్డాయి; అంటే ఎప్పుడో అంటుకుందన్నమాట. వైరస్ ఇంకా ఒంట్లో ఉందో లేదో తేల్చడానికి మళ్లీ రక్తం తీశారు. కబురు ఎవరికి చెప్పాలని అడగ్గానే ఆమె తన నంబరు ఇచ్చింది. "మా ఇంటి సంగతి నాకు చెప్పండి. మధ్యలో ఈయనెందుకు?" అంది బక్కోణ్ణి చూస్తూ. పెయింటర్ తలూపాడు.

వారానికి ఫోనొచ్చింది. వైరస్ ఉంది. మూడు నెలలు మాత్రలు వాడితే దాదాపు అందరికీ నయమవుతుంది, సోమవారం రమ్మన్నారు. ఆమె ఆ మాట గొప్పగా మోసుకొచ్చి చెప్పింది.

"బక్కోడేమన్నాడు?" అన్నాడతను.

"వాడికి తెలీదు. నాకే చేశారు."

"సరేలే, చూద్దాం."

ఆ సోమవారం పోయింది. పై సోమవారమూ పోయింది. ఏడ్చినా వినలేదు.

మూడో సోమవారం పొద్దున్నే ఆమె వ్యాను దగ్గరికెళ్లింది. బక్కోడు పెట్టెలు దించుతున్నాడు.

"రోగం ఉంది. మాత్రలు మొదలెట్టాలి. నువ్వొచ్చి చెప్పు" అంది. తర్వాతి ముక్క అనడానికి ప్రాణం పోయినంత పనైంది. "నీ మాటైతే వింటాడు."

బక్కోడు పెట్టె కింద పెట్టాడు. "నేనూ ఆ బురదలో దొర్లినోణ్ణే కదా వదినా. నా దగ్గర వాడికి సిగ్గు లేదు. నీ దగ్గరే సిగ్గు."

ఆ మాటకు మనసు చల్లబడాలి. చల్లబడలేదు. పదకొండేళ్లు కాపురం చేస్తే తనకు దక్కింది సిగ్గు. సిగ్గులేనితనమంతా వీడు కొట్టేశాడు.

"నడు" అంది, "ఆయన పనికెళ్లిపోకముందే."