ఎడమ పెడల్

కుడి పెడల్ ఎంత తేలిగ్గా ఊడి వచ్చిందంటే, పని అయిపోయినట్టేనని దుర్గయ్య మీసం కూడా దువ్వుకున్నాడు. ఎడమది మాత్రం ససేమిరా అంది.

కూతురు స్రవ్య మాటిమాటికీ గడియారం వైపు చూస్తోంది. సైకిల్ పోటీలకు కరీంనగర్ వెళ్లే వ్యాను మధ్యాహ్నం అఫ్జల్‌గంజ్‌లో ఆగుతుంది. పెడళ్లు విప్పి అట్టపెట్టెలో సర్దిన సైకిళ్లనే ఎక్కిస్తామని కోచ్ ముందే చెప్పాడు. సైకిల్ ఎక్కకపోతే స్రవ్య కూడా ఎక్కదు. అసలు ఆడపిల్లను ఒంటరిగా పంపడానికి దుర్గయ్య ఒప్పుకోవడమే గొప్ప. ఈ పెడల్‌ను సాకుగా పెట్టుకుని వద్దంటాడేమోనని ఆమె భయం.

గల్లీ చివర సైకిల్ షాపు నడిపే అబ్దుల్ వాహెద్ ఆ రోజే తాళం వేసి బంధువుల పెళ్లికి వెళ్లాడు. ఫోన్ చేస్తే బ్యాండ్ మోతలో ఒక్క ముక్కే వినబడింది.

"ఎడమ పెడల్ ఉల్టా ఉంటది భాయ్."

దుర్గయ్యకు అంతకన్నా ఏం కావాలి? పాతబస్తీలో నల్లా నుంచి నట్టు దాకా దేన్నైనా సీదా, అంటే కుడివైపుకు తిప్పి బిగిస్తారు, ఉల్టా, అంటే ఎడమవైపుకు తిప్పి విప్పుతారు. తానూ పొద్దుటి నుంచి ఉల్టానే తిప్పుతున్నాడు. అంటే బలం చాలలేదన్నమాట. కిరోసిన్ పోశాడు. బర్రెల కొట్టంలో పడి ఉన్న ఇనుప పైపును పానాకు తొడిగి ఒంటి బరువంతా వేశాడు. పానా జారి వేళ్ల కణుపులు చెక్కుకుపోయాయి. భార్య సత్తెమ్మ పసుపు అద్దుతూ, ఇంకా గుంజితే సైకిలే పాడవుతుందని గొణిగింది.

దుర్గయ్య పానా కింద పెట్టేశాడు.

"ఇగ రాదు బిడ్డా. మళ్లొకసారి పోదువు తీయ్."

భయపడినంతా అయింది. స్రవ్యకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. ఎవరి మీద కోపమో తెలియక వాహెద్ మాటనే మనసులో తిప్పి తిప్పి చూసుకుంది.

"బాపూ, వాహెద్ చాచా ఉల్టా తిప్పుమనలే. ఉల్టా ఉంటది అన్నడు. అంటే దీన్ని సీదా తిప్పితేనే ఇప్పుకుంటదేమో."

"సీదా తిప్పితే ఇంకింత బిగుస్తది."

బిగుసుకుంటే ఇక ప్రయాణం లేదు. అది తెలిసే స్రవ్య పైపు అందుకుని సీదా వైపు తోసింది. కిర్రుమంది. విరిగిందనుకుని కళ్లు మూసుకుంది. తెరిచేసరికి పానా తిరుగుతోంది.

"అంటే పొద్దటిసంది నేనే బిగిస్తున్ననా" అన్నాడు దుర్గయ్య.

ఊడిన పెడల్ అతని చేతిలోకి వచ్చింది. స్రవ్య పెట్టె తెరిచి చెయ్యి చాపింది. అతడు ఇవ్వలేదు. మళ్లీ బిగించి, మళ్లీ విప్పి, తన కళ్ల ముందే చూపించమన్నాడు. వ్యానుకు టైమవుతోందని ఆమె బతిమాలింది.

"కానీయ్" అన్నాడు దుర్గయ్య, పెడల్‌ను చొక్కాతో తుడుస్తూ. "అక్కడ నేనుండ గదా."