పదో పేజీలో అక్క

దయ్యాల నవలకు ఒక లెక్క ఉంది. పదో పేజీలో భయం, ఇరవయ్యో పేజీలో అంతకంటే పెద్ద భయం. మధ్యలో కథ నడవాలి. ఇంకా చోటు మిగిలితే అప్పుడు మనుషులు మనుషుల్లా మాట్లాడుకోవచ్చు. ఈ లెక్క పెట్టిన సంపాదకుడు రాతప్రతి చదువుతూ తనకు ఆవలింత వచ్చిన చోటల్లా పక్కన పెన్సిల్‌తో సున్నా చుడతాడు. ఒక పేజీలో మూడు సున్నాలు పడ్డాయంటే ఆ పేజీకి నూకలు చెల్లినట్టే. దయ్యం వచ్చే పేజీల జోలికి మాత్రం పోడు.

పదిహేనేళ్లుగా ఆయనకు నవలలు రాస్తున్న ఆవిడకు ఈ సున్నాలు కొట్టిన పిండే. రాయబోయే ముందు మంచం మీద చీటీలు మూడు కుప్పలుగా పేర్చుకుంటుంది: ఏం జరుగుతుంది, ఎవరికి జరుగుతుంది, దయ్యం ఎక్కడ వస్తుంది. మూడో కుప్ప ఎప్పుడూ పుష్టిగా ఉంటుంది, రెండోది చిక్కిపోతుంది. చిక్కితే చిక్కిందిలే అని ఊరుకునేది. ఈసారి ఊరుకోలేకపోయింది, ఎందుకంటే రెండో కుప్పలో ఉన్నది వాళ్లక్క.

అక్క పరదాలు కుట్టే దుకాణంలో పనిచేసేది. పోయి పద్నాలుగేళ్లయింది. అప్పటికి కూతురికి నాలుగేళ్లు, ఇంట్లో అందరూ పిడుగు అనేవాళ్లు. బావ మళ్లీ పెళ్లి చేసుకుని వేరే ఊరు పోయాడు. అక్క ఫొటోలు అటకెక్కించి, ఇంట్లో ఆమె ఊసెత్తొద్దన్నాడు. ఎదురుచెప్పిన మరదల్ని గుమ్మం తొక్కొద్దన్నాడు. తల్లి ఎలా ఉండేదో పిల్లకు చెప్పే దిక్కు లేకుండా పోయింది. అయితే పిడుగుకు దయ్యాల నవలలంటే పిచ్చి అని, పిన్ని రాసినవైతే సంచిలో దాచుకుని మరీ చదువుతుందని తెలిసినవాళ్లు చెప్పారు. ఇంకేం కావాలి? నవలలో పెడితే అక్కే నడుచుకుంటూ కూతురి దగ్గరికి పోతుంది.

పిన్ని రాసింది. కథలో ఇంటి కింది వాటాలో కుట్టుపని చేసుకునే ఒకావిడ. గుండుసూదులు పెదాల మధ్య పట్టుకునే మాట్లాడుతుంది. వేలికున్న ఇత్తడి తొడుగుతో తలుపు మీద రెండే దెబ్బలు కొడుతుంది. కూతురికి గౌను తొడిగి, బొత్తాలు కిందనుంచి పైకి లెక్కపెడుతూ పెట్టి, ఆఖరిదయ్యాక మెడ కింద చల్లటి వేలితో ఒక్కసారి నొక్కుతుంది. పిల్ల కిలకిలా నవ్వుతుంది. అలా నలభై పేజీలు. నలభైకి నలభై, పేజీకి మూడేసి సున్నాలు మోసుకుని వెనక్కొచ్చాయి.

"మనిషి బాగుందమ్మా, కాదనను," అన్నాడు సంపాదకుడు. "కానీ ఆవిడ వచ్చినప్పుడల్లా కథ చతికిలపడుతోంది. మనుషుల్ని చూడ్డానికైతే మనవాళ్లు దయ్యాల నవల కొనుక్కోవడం ఎందుకు?"

పిన్నికి ఒళ్లు మండింది. సరే, దయ్యం పేజీలు కొట్టెయ్యడు కదా అని, అక్కను తీసుకెళ్లి ఆ పేజీల్లో పెట్టింది. ఒక్క మాట కూడా మార్చలేదు. అవే సూదులు, అవే రెండు దెబ్బలు, అదే బొత్తాల లెక్క, అదే చల్లటి వేలు. అయితే ఇప్పుడు ఆ వాటా ఖాళీ, తలుపుకు తాళం. ఈసారి ఒక్క సున్నా పడలేదు. "నాకే ఒళ్లు జలదరించింది," అని సంపాదకుడు మెచ్చుకున్నాడు. ఆ మాటకు ఆవిడ గుండె ఆగిపోవలసింది. కానీ మూడు కుప్పలూ ఇన్నాళ్లకు సమానమయ్యాయని సంబరపడింది, పిచ్చి మనిషి.

పుస్తకం అట్ట మీద నోటినిండా సూదులతో ఒక ఆడమనిషి బొమ్మ వేశారు. పిన్ని దాన్ని బల్ల మీద బోర్లా పెట్టుకుంది. నోరెత్తి వద్దని మాత్రం అనలేదు. అక్క వేలి తొడుగు ఆ బల్ల సొరుగులోనే ఉంది. ఎప్పటికైనా పిడుగు వస్తే ఇవ్వాలని దాచింది.

రెండు నెలలకు ఒక మధ్యాహ్నం పిడుగు రానే వచ్చింది. తలుపు తట్టలేదు, బయట నిలబడి పిలిచింది. నాన్నకు చెప్పకుండా బస్సెక్కి వచ్చానంది. అచ్చం అక్క గడ్డమే. చలిగా ఉన్నా స్వెటర్ బొత్తాలు పెట్టుకోలేదు. కుర్చీ అంచున కూర్చుని, ముందు పుస్తకం బాగుందంది.

"నాకు అమ్మది ఒకటే గుర్తుంది పిన్నీ," అంది తర్వాత. "ఎవరో నా బొత్తాలు లెక్కపెడుతుంటారు. మొహం గుర్తులేదు. మెడ దగ్గర చల్లగా తగులుతుంది, అంతే. అది అమ్మే అనుకునేదాన్ని. భలే హాయిగా ఉండేది."

"ఇప్పుడో?"

"ఇప్పుడది గుర్తొస్తే మొహం కూడా కనిపిస్తోంది. ఆ అట్ట మీది మొహం. బొత్తాలు పెట్టుకోవడమే మానేశాను." కళ్లెత్తి చూసింది. "అమ్మ నిజంగా అలా చేసేదా? లేక నీ పుస్తకం చదివి నేనే అలా అనుకుంటున్నానా? చేసేదని మాత్రం చెప్పకు పిన్నీ, తట్టుకోలేను."

పద్నాలుగేళ్లుగా పిన్ని ఎదురుచూసిన ప్రశ్న ఇదే. అవునంటే తల్లి దయ్యమవుతుంది. కాదంటే పిల్లకు తల్లే ఉండదు. సొరుగు పిడి మీద చెయ్యి వేసింది. "మీ అమ్మ..." అని మొదలుపెట్టగానే పిల్ల రెండు చేతులతో మెడ కప్పుకుంది. పిన్ని చెయ్యి వెనక్కి తీసుకుంది.

"లేదే. అదంతా నేను కల్పించిందే. మీ అమ్మ అలాంటివేం చేసేది కాదు."

పిడుగు పెద్దగా ఊపిరి వదిలింది. మంచినీళ్లడిగి గటగటా తాగింది. "అమ్మయ్య. అయితే నాకు అమ్మది ఏదీ గుర్తులేదన్నమాట," అంది తేలిగ్గా. ఆ తేలికే పిన్నికి గుండెలో దిగబడింది. తన అక్కను తనే రెండోసారి చంపుకున్నానని ఆవిడకు తెలుస్తూనే ఉంది.

బస్సుకు వేళయిందని పిల్ల లేచింది. గుమ్మంలో చలిగాలి తగిలి స్వెటర్ బొత్తాలు పెట్టుకుంది, కిందనుంచి పైకి. ఆఖరిది పెట్టుకున్నాక, తనకే తెలియకుండా, మెడ కింద వేలితో ఒకసారి నొక్కుకుంది.

పిన్ని చూసింది. జాగ్రత్తగా వెళ్లమని చెప్పి తలుపు వేసుకుంది.