రెండో వైపు బల్బు

లారీ బ్యాటరీలు మోసి మోసి సన్యాసయ్య భుజాలు జారిపోయాయి. తొలివానలకు కొండదారుల్లో నీళ్ళు తాగి ఆగిపోయిన లారీలన్నీ రాయగడలో ఆయన బ్యాటరీల కొట్టు ముందుకే చేరేవి. వాటితోనే ప్రాణం విసిగిపోయి ఉంటే, పక్క ఎస్టీడీ బూత్‌కు తెరుబలి నుంచి కబురు వచ్చింది. అక్కడి మైదానంలో ఢిల్లీశ్వరరావు ఎగిరే గ్లైడరుకు, అంటే ఇంజను లేని విమానానికి, రెండు బ్యాటరీలు బిగించాలట. జీపు వచ్చింది. పెరుగన్నం మూటకట్టుకుని భార్య సింహాచలమ్మ కూడా ఎక్కేసింది. ఒక్కణ్ణే పంపితే ఆయన తిండి మాట ఎత్తడని ఆవిడకు తెలియదా!

"మొన్న గాల్లో ఉండగానే ఉన్న ఒక్క బ్యాటరీ సచ్చిపోయినాది బాబాయ్. రేడియో మూగబోయింది. దిగేకాడ ఆవులున్నాయని కిందోళ్ళు గింజుకుంటే నాకేటి ఇనబడుద్ది? ఎంట్రుకవాసిలో తప్పేను. ఒకటి పోతే మీట తిప్పి రెండోది అందుకోవాల," అన్నాడు మైదానంలో ఎదురొచ్చిన ఢిల్లీశ్వరరావు.

"ఎగరకపోతే ఏటి మునిగిపోద్ది నాయనా?" అంది సింహాచలమ్మ.

"వానలు ముదిరితే మరి కార్తీకం దాకా నేలమీదే పిన్నీ!"

సన్యాసయ్య గ్లైడరు ఇరుకు గూట్లో మడతపడి కూర్చుని వైర్లు బిగించాడు. రేడియో తగిలించకముందే మీట ఒకవైపు తిప్పి, కరెంటు వస్తోందో లేదో చూసే చేతిబల్బు వైర్లకు తగిలించి చూశాడు. వెలిగింది.

"అయిపోయినాది. రేడియో తగిలించేస్తాను."

"రెండో వైపు?" అంది సింహాచలమ్మ.

కొట్టులో ఏ పని పూర్తిచేసి అప్పగించినా, ప్రతి కొసకూ బల్బు వెలగాలి, దానికి ఆవిడ దీపానికి పెట్టినట్టు దండం పెట్టాలి. కాపురానికి వచ్చిన నాటి ఆనవాయితీ అది.

"ఒకటి ఎలిగితే రెండోది ఎలగదేటే? నడుం ఇరిగిపోతంది."

"దండం ఎట్టకుండా నేను కదల్ను."

గొణుక్కుంటూ మీట తిప్పాడు. బల్బు భగ్గున తెల్లగా మండి, టప్పున మాడిపోయింది.

సన్యాసయ్య వైర్ల వెంట వేలు నడిపి చూశాడు. లారీకి రెండు బ్యాటరీల బలమూ కలిసి కావాలి. అందుకని ఒకదాని ప్లస్సు రెండోదాని మైనస్సుకు కడతారు. ఇక్కడ కావలసింది ఒక్కసారికి ఒక్కటే, కానీ రెండో వైపు రెండింటి బలమూ కలిసి బల్బు మీద పడింది. గాల్లో ఢిల్లీశ్వరరావు ఆ మీట తిప్పి ఉంటే, మాడేది రేడియో.

"సెయ్యి లారీ కట్టు కట్టేసినాదే," అన్నాడు మెల్లగా.

ఆవిడ మూట విప్పి ముద్ద చేతిలో పెట్టింది. "ముందు తిను. తిన్నాక ఇప్పుదువు."

తిన్నాక అంతా విప్పాడు. మైనస్సులు రెండూ కలిపి, ప్లస్సులు వేరువేరుగా మీటకు చెరోవైపూ తెచ్చాడు. కొత్త బల్బు ఇటూ అటూ ఒకేలా పసుపుగా వెలిగింది. సింహాచలమ్మ రెండు దండాలు పెట్టింది.

జీపు తాడుతో లాగితే గ్లైడరు లేచింది. కింద కుర్చీమీద పెట్టిన రెండో రేడియో గరగరమంది. "ఒకటోది మీద ఉన్నాను." కాసేపటికి మళ్ళీ గొంతు. "రెండోదానికి తిప్పేను బాబాయ్! ఇనబడతందా?"

బాబాయ్ గడ్డిలో అటు తిరిగి గురకపెడుతున్నాడు. జీపు డ్రైవరు మైకు ఆవిడ నోటి దగ్గర పెట్టాడు.

"ఇనబడతంది నాయనా. మెల్లగా మాటాడు, మీ బాబాయికి ఇప్పుడే కునుకు పట్టినాది."