రోజుకో పోస్టు, మెడకో ముడి

"నమస్కారమండీ, నేను మీ చంద్రమౌళి" అనేసరికి వంటింట్లో కుక్కర్ కూత పెట్టింది. చంద్రమౌళి రికార్డింగ్ ఆపి, అటు ఓసారి చూసి, మళ్లీ మొదలుపెట్టాడు. ఈసారి వీధిలో ఉల్లిపాయల ఆటో మైకు అందుకుంది. జగ్గయ్యపేటలో పెట్టుబడి గురించి నోరు విప్పాలంటే ముందు ఊరు నోరు మూయాలి. అది జరిగే పని కాదు. పేటకు నోరే పెట్టుబడి.

ఫోను బియ్యం డబ్బా మీద, డబ్బా కుర్చీ మీద, కుర్చీ మంచం మీద ఉన్నాయి. ఆ గోపురానికి ఎదురుగా యాభై దాటిన మనిషి. ముందు పళ్లు కొంచెం ఎత్తు. బట్టతల మెరవకుండా పౌడరు అద్దుకున్నాడు, అది చెమటకు కరిగి మెడ మీదికి చారలు కట్టింది. నడుం పైన నీలం కోటు, ఎర్ర టై. నడుం కింద గళ్ల లుంగీ. కెమెరాకు కనపడేదంతా కార్పొరేట్, కనపడనిదంతా కాటన్.

"నెలనెలా కొంచెం కొంచెం దాచుకోవడాన్ని సిప్ అంటారండీ" అని వేలు కిందికి చూపించాడు. వేలు చూపిన చోట తర్వాత ఫోన్ నంబరు పడుతుంది. ఎడమ భుజం కలుక్కుమంది. రోజూ ఒకే భంగిమలో వేలు చూపిస్తే భుజం ఊరుకుంటుందా అనుకుని నొక్కుకున్నాడు.

ఆ టై సంగతి ఒకటుంది. విజయవాడ ట్రైనింగులో మేనేజరు సతీష్‌బాబు స్వయంగా కట్టాడు. కొడుకు వయసువాడు తన గడ్డం ఎత్తి పట్టుకుని ముడి బిగిస్తుంటే చంద్రమౌళి పెళ్లికొడుకులా సిగ్గుపడ్డాడు. ముడి వేయడం తనకు రాదు. అందుకని ఆనాటి నుంచి విప్పలేదు. కాస్త వదులు చేసి తల మీదుగా తీసి మేకుకు తగిలిస్తాడు, పొద్దున్నే మళ్లీ తల దూరుస్తాడు. కాడి కింద మెడ పెట్టే ఎద్దుకున్నంత అలవాటైపోయింది.

"రోజుకో పోస్టు పడాల్సిందే చంద్రమౌళి గారూ. కనపడితేనే నమ్ముతారు. ఒక్కరోజు కనపడలేదంటే పోయారనుకుంటారు." ఇది సతీష్‌బాబు మంత్రోపదేశం. తండ్రి నుంచి వచ్చిన కిరాణా కొట్టు కిందామీదా పడి మూతపడ్డాక, బీమా పాలసీలు, మ్యూచువల్ ఫండ్లు నమ్ముకున్న చంద్రమౌళి ఆ మంత్రాన్నీ నమ్మాడు. జ్వరమొచ్చినా పోస్టు పెట్టాడు, కరెంటు పోతే టార్చి వెలుగులో పెట్టాడు. కానీ మ్యూచువల్ ఫండులో ఉన్న మ్యూచువల్ పేటలో లేదు. ఈయన దండం పెడితే అవతలివాడు ముఖం తిప్పుకుంటాడు. షేర్ చేయండి అంటే షేర్లు అంటగడుతున్నాడని జడుసుకుంటారు. బంధువులైతే నిశ్శబ్దంగా మ్యూట్ చేశారు.

మ్యూట్ చేసినవాళ్లంతా నెల క్రితం ఒక్కసారిగా నోళ్లు తెరిచారు.

పోస్టర్లు తయారు చేసే యాప్ ఒకటుంది. పండగైనా పుట్టినరోజైనా బొమ్మ అదే ఇస్తుంది, పక్కన మన ఫోటో, పేరు, నంబరు అదే అతికిస్తుంది. ఈ చుట్టుపక్కల చోటా నాయకుడి దగ్గర్నుంచి కోళ్ల ఫారం ఓనరు దాకా అందరూ వాడేది అదే. నందిగామలో పుల్లయ్య అనే రైతు పోయినప్పుడు చంద్రమౌళి కన్నీళ్లు తుడుచుకుంటూనే అందులో నివాళి చేశాడు. పుల్లయ్య తన దగ్గర మొదట పాలసీ తీసుకున్న మనిషి. అద్దాల్లేకుండా నొక్కి, ఎప్పటి పోస్టులాగే అన్ని గ్రూపుల్లోకీ వదిలేశాడు. తర్వాత అద్దాలు పెట్టుకుని చూస్తే ఏముంది? మూలన రూపాయి బిళ్లంత పుల్లయ్య. మధ్యలో పళ్లికిలించి వేలు చూపిస్తున్న చంద్రమౌళి. కింద, "మీ భవిష్యత్తుకు మా భరోసా. ఈరోజే సంప్రదించండి."

తీసేశాడు. తీసేలోపు ఊరు ఫోటోలు తీసేసుకుంది. పుల్లయ్య బావమరిది బుల్లిబాబు ఆరోజు నుంచి ప్రతి పోస్టు కిందా ఒకటే కామెంటు పెడుతున్నాడు: "శవాల మీద చిల్లర ఏరుకునేవాడు వచ్చాడు, పక్కకి జరగండి." వంద మంది నవ్వు బొమ్మలు పెడుతున్నారు. పోస్టుకు పడని లైకులు దానికి పడుతున్నాయి.

ఈ పొద్దున రికార్డింగు సగంలో ఉండగానే సతీష్‌బాబు ఫోన్ చేశాడు. "పైవాళ్లు సీరియస్‌గా ఉన్నారండీ. దీనికి ఒకటే మందు. పుల్లయ్య వాళ్లకి క్లెయిమ్ డబ్బు వచ్చేసిందిగా, వాళ్లావిడ చేత ఆ మాట చెప్పించి వీడియో పెట్టండి. సాయంత్రానికి పడకపోతే మీ కోడ్ నేను కాపాడలేను." ఏజెంటు కోడ్ పోతే ఇన్నేళ్లలో పోగేసుకున్న పాలసీదారులంతా పరాయివాళ్లైపోతారు. పేరు పోయిన మనిషికి నంబరూ పోతుందన్నమాట.

చంద్రమౌళి కోటు విప్పి, ప్యాంటు తొడుక్కుని, సంచిలో ఫోను స్టాండు పెట్టుకున్నాడు.

"టై కట్టుకునే వెళ్తారా ఏంటండీ, మాసికం భోజనానికి?" అంది భార్య ఉషశ్రీ.

నాలుక్కరుచుకుని, తల మీదుగా తీసి మేకుకు తగిలించాడు.

నందిగామలో పుల్లయ్య ఇంటి ముందు చిన్న షామియానా వేశారు. నెల మాసికానికి వచ్చిన చుట్టాలు మిర్చి రేటును తిట్టుకుంటూ కూర్చున్నారు. గుమ్మంలోనే బుల్లిబాబు ఎదురయ్యాడు.

"వచ్చాడండీ మన హీరో! లేవండ్రా, సెల్ఫీకి అడ్డమొస్తున్నారు. ఏవయ్యా, ఇవాళ మా బావ కనపడతాడా, ఇవాళ కూడా మూలకేనా?"

షామియానా కింద నవ్వులు పేలాయి. చంద్రమౌళి చెప్పులు విడిచి లోపలికి నడిచాడు.

పుల్లయ్య భార్య పుష్పవతి దండేసిన ఫోటో పక్కన చాప మీద కూర్చుని ఉంది. పుల్లయ్య మరణ ధ్రువీకరణ పత్రం కోసం మున్సిపాలిటీ చుట్టూ తిరిగింది, సంతకాలు పెట్టించింది, క్లెయిమ్ డబ్బు బ్యాంకులో పడేదాకా నిద్రపోనిది చంద్రమౌళే. దాని గురించి మాత్రం పోస్టు పెట్టలేదు.

"రండి అన్నయ్యగారూ" అంది. గొంతులో తడి లేదు. "మీ కంపెనీ నుంచి ఎవరో ఫోన్ చేసారు. వీడియో తీసుకోడానికి వస్తారంట. తీసుకోండి. ఏడవమంటారా, నవ్వమంటారా?"

చంద్రమౌళి చెయ్యి సంచిలోకి వెళ్లింది. స్టాండు చల్లగా తగిలింది. అంతలో ఆమె లేచి, కొంగు సర్దుకుని, భర్త ఫోటోను దండతో సహా ఎత్తి గోడవారకు జరిపింది.

"మీ బొమ్మకి చోటు కావాలిగా."

చంద్రమౌళి సంచి కింద పెట్టేశాడు. వంగి, ఆ ఫోటోను రెండు చేతులతో పట్టుకుని తెచ్చి, ముందున్న చోటనే, సరిగ్గా మధ్యలో పెట్టాడు. పక్కకి ఒరిగిన దండ సరిచేశాడు. వంగి లేచేసరికి ముఖమంతా చెమట.

"ఆయన ఇక్కడే ఉండాలమ్మా. తప్పు చేసా. నేను భోజనానికొచ్చా, అంతే."

"ఆ బొమ్మ ఊరంతా చూసింది అన్నయ్యగారూ. మీరు తప్పంటే మాత్రం వాళ్ల కళ్లల్లోంచి పోద్దా?" పుష్పవతి మళ్లీ చాప మీద కూర్చుంది. "భోంచేసి వెళ్లండి."

క్షమించలేదు. భోజనం మాత్రం పెట్టింది. బంతిలో బుల్లిబాబు గరిటె చంద్రమౌళి విస్తరి దాటిపోయి, ఏమనుకుందో వెనక్కొచ్చి పులిహోర కుమ్మరించింది.

"తిను. తిని ఇంటికెళ్లి ఏం పెడతావో చూస్తా. నా కామెంటు రెడీగా ఉంది."

"రోజూ చివరిదాకా చూసేది నువ్వొక్కడివేనయ్యా బుల్లిబాబూ" అన్నాడు చంద్రమౌళి. వెటకారం కాదు. బుల్లిబాబు గరిటెకు అంటుకున్న పులిహోర కూడా ఆ విస్తట్లోకే దులిపి పక్క విస్తరికి జరిగాడు.

మధ్యాహ్నం పల్లెవెలుగు బస్సులో కిటికీ పక్కన సీటు దొరికింది. ఊరు దాటుతుండగా ఫోన్ మోగింది.

"వీడియో పంపలేదేంటండీ?"

"తీయలేదు సార్."

"మరి ఇవాళ ఏం పెడతారు?"

"ఏమీ పెట్టను సార్."

"గ్యాప్ వచ్చేస్తుంది! కోడ్ ఆపేస్తారండీ!"

"రానీండి. ఆపనీండి."

ఫోను సంచిలో పడేసి, భుజం నొక్కుకుంటూ తల కిటికీ కడ్డీకి ఆనించాడు. సిమెంటు లారీలు దుమ్ము లేపుకుంటూ పోతున్నాయి. వేలు దేన్నీ చూపించక్కర్లేకుండా చెయ్యి ఒళ్లో ఊరికే పడుంది. చిల్లకల్లులో జనం ఎక్కారు, దిగారు. పేట బస్టాండులో అందరూ దిగిపోయాక కండక్టరు వచ్చి తట్టాడు.

"పెద్దాయనా, పేటొచ్చింది. దిగండి."

మళ్లీ తట్టాడు.

"ఆయనకి పాలసీ ఉందా?" పరామర్శకు వచ్చిన పేట మొదట అడిగిన మాట అదే. "ఉంది" అని ఉషశ్రీ లోపలికి వెళ్లిపోయింది. బతికుండగా ఒక్క లైకు కొట్టని ఊరు ఆ సాయంత్రానికల్లా యాప్ తెరిచింది. ఎవరి ఫోటో వాళ్లు పెద్దగా పెట్టుకుని, మూలన చంద్రమౌళిని పెట్టి కన్నీటి నివాళి అర్పించింది. అందరికంటే పెద్దగా సతీష్‌బాబు ఉన్నాడు, కంపెనీ నినాదంతో సహా. ఫ్లెక్సీకి వేరే ఫోటో దొరకలేదు. కోటుతో, టైతో, వేలు చూపిస్తున్నదే వేశారు. కొట్టువాడు తెలివిగా ఆ వేలి కింద దశదిన కర్మ జరిగే చోటు అచ్చేశాడు.

కబురింకా నందిగామ చేరకముందు, నిన్నటి పోస్టు కింద ఒక కామెంటు పడి ఉంది. బుల్లిబాబుదే. అందులో తిట్టు లేదు.

"ఏవయ్యా, పొద్దుపోతోంది. ఇవాళ పోస్టేదీ?"

మంచం మీద కుర్చీ, కుర్చీ మీద డబ్బా అలాగే ఉన్నాయి. రాత్రి బియ్యానికని ఉషశ్రీ డబ్బా దించుకుంది. ఎదురుగా మేకుకు ఎర్ర టై వేలాడుతోంది, లోపలి అంచున పౌడరు చారతో, ముడి విప్పకుండా, ఒక తల పట్టేంత వదులుగా.