వెనక నీళ్ళు పోసేదెవరు

సావా నది మా వీధులను ముంచిన తర్వాత తొమ్మిదో ఏడు అది. మూడు వరుసల హైబ్రిడ్ బండిని కొనేముందు రెండు రోజులు నడిపి చూసుకోమని షోరూమువాళ్ళు మా అబ్బాయి నెబోయ్షకు ఇచ్చారు. ఇంట్లో ఏడుగురం. పాత కారులో ఐదుగురే పడతారు కాబట్టి ఎక్కడికి వెళ్ళినా నేనూ నా భార్య దేసాంకా ఇంట్లోనే ఉండిపోయేవాళ్ళం. మర్నాడు షబాట్స్ పట్నంలో మా చెల్లెలింటి పండుగ. దానికైనా అందరం ఒకే బండిలో వెళ్ళాలని నా ఆశ.

ముందు ఊళ్ళోనే ఒక చుట్టు తిప్పి చూద్దామన్నాడు వాడు. నేను చివరి వరుసలో కూర్చున్నాను. మోకాళ్ళు తగులుతుంటే మనవరాలు తన సీటు కాస్త ముందుకు జరిపింది. సరిపోయింది. దేసాంకా మాత్రం ఎప్పటిలాగే, బయల్దేరే బండి వెనక శుభానికి పోసే నీళ్ళ జగ్గు పట్టుకుని, ఇంజన్ మోత కోసం గేటు దగ్గర నిలబడింది. బండి చప్పుడు లేకుండా బ్యాటరీ మీద కదిలి సందు దాటేసింది.

"ఒరేయ్, ఆగండ్రా! నీళ్ళు పొయ్యలేదు! దొంగపిల్లిలా జారుకుంటుందేం ఇది?" అని వెనకనుంచి కేక.

నెబోయ్ష నవ్వుతూ బండి వెనక్కి తెచ్చాడు. "బానే ఉంది కదమ్మా, రేపు నువ్వూ ఎక్కు."

"నేనెక్కితే వెనక నీళ్ళెవరు పోస్తార్రా? ప్రయాణం నీళ్ళలా సాఫీగా సాగొద్దూ? మీరెళ్ళండి."

"నువ్వు రాకపోతే ఏడు సీట్లెందుకు? తిరిగిచ్చేస్తా."



మర్నాడు పొద్దున్నే జగ్గు నింపి పక్కింటి రాదోయ్కా చేతికిచ్చాను. "ఈ బండి చప్పుడు చెయ్యదమ్మా, నేను చెయ్యి ఊపగానే పోసెయ్" అని చెప్పి, వెళ్ళి చివరి వరుసలో దేసాంకా పక్కన కూర్చున్నాను.